నాయన కాలికి ఎమ్మారై: ఏ డై వేయించాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. మా నాయనకు 64 ఏళ్ళు. షుగరు వచ్చి పదిహేనేళ్ళ పైనే అయింది. బీడీలు బాగా తాగేవాడు, రెండేళ్ళ కిందట మానేశాడు. గుండెకు ఒక స్టెంట్ వేశారు. ఏటా అలిపిరి మెట్ల మీద కొండకు నడిచిపోయే మనిషి, పోయినేడు గాలిగోపురం చేరకముందే పిక్కలు పట్టేసి నాలుగైదు చోట్ల కూర్చుని, చివరికి వెనక్కి దిగొచ్చేశాడు. ఇప్పుడు బస్టాండు దాకా నడవడమే కష్టంగా ఉంది. నెల కిందట కుడికాలి బొటనవేలి పక్కన చెప్పు కరిచి పుండైంది, మానడం లేదు. డాప్లర్ (రక్తం పారే తీరు చూసే అల్ట్రాసౌండ్) తీయిస్తే, మోకాలి కింద నాళాల్లో సున్నం పేరుకుపోయి సరిగా కనిపించలేదని రాశారు. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.9. డాక్టరు గారు ఎమ్మార్ యాంజియో, అంటే డై ఎక్కించి రక్తనాళాలు చూసే ఎమ్మారై, రాశారు. స్కానింగ్ సెంటర్లో “గాడోడయమైడ్ వేస్తే తక్కువలో అయిపోతుంది, గాడోబ్యుట్రాల్ అయితే రేటెక్కువ, మీ ఇష్టం” అన్నారు. ఇంకో డాక్టరు సీటీ యాంజియో చాలన్నారు. మా తమ్ముడు ఫోన్లో చూసి, ఈ డైలలో ఉండే గాడోలినియం కిడ్నీలను పాడుచేస్తుందంటున్నాడు. మేనత్తయితే స్కాన్లన్నీ దండగ, పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టిద్దామంటోంది. నాయనేమో రాత్రిళ్ళు లేచి కూర్చుని కాలు మంచం కిందికి వేలాడేసుకుంటాడు, అట్లయితేనే కునుకు పడుతుందంటాడు. ఏ డై వేయించాలో దయచేసి చెప్పండి.
పాకాల నుంచి ఒక కూతురు

సమాధానం:

అమ్మా,

ముందు మీరడిగినదానికి సూటిగా చెబుతాను. ఆ రెండింటిలో గాడోబ్యుట్రాల్ వేయించండి, గాడోడయమైడ్ వద్దు. రేటు తేడా మీకు భారమేనని తెలుసు. ఆ డబ్బు ఎందుకు పెట్టమంటున్నానో కింద రాస్తాను.

అయితే మీ ఉత్తరం చదువుతుంటే నేను ఆగిపోయింది డై దగ్గర కాదు. ఆఖర్న మాటవరసకు రాశారే, నాయన రాత్రిళ్ళు కాలు వేలాడేసుకుంటాడని, అక్కడ. మీరు దాన్ని ఒక అలవాటులా రాశారు. మా కళ్ళకు అది జబ్బు ముదిరిందనే గుర్తు. నడిస్తే పిక్క పట్టేయడం, రెండు నిమిషాలు నిలబడితే వదిలేయడం మొదటి దశ. పనిచేసే కండరానికి కావలసినంత రక్తం సన్నబడిన నాళంలోంచి రావడం లేదన్నమాట. పడుకున్నప్పుడు కూడా పాదం పీకుతోందంటే, ఏ పనీ చేయని కాలికి సైతం రక్తం చాలడం లేదు. కాలు కిందికి దించితే భూమ్యాకర్షణ పుణ్యమా అని కాస్త ఎక్కువ రక్తం పాదానికి దిగుతుంది, అందుకే కునుకు పడుతోంది. దానికి తోడు నెల నుంచి మానని పుండు ఒకటి. రక్తప్రసరణ తగ్గిన కాలి మీద పుండు రెండు వారాలు దాటినా మానకపోతే కాలికే ముప్పున్నట్టు లెక్కేస్తాం. మీరు ఆ హద్దు ఎప్పుడో దాటారు.

కాబట్టి ఏ డై, ఏ స్కాన్ అన్న తర్జనభర్జనలో ఇంకో రెండు వారాలు పోనివ్వకండి. పాకాల జంక్షన్లో రైలెక్కితే ఇటు తిరుపతి, అటు చిత్తూరు మీదుగా కాట్పాడి. తిరుపతి స్విమ్స్‌లో కిడ్నీ, గుండె, రేడియాలజీ విభాగాలన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. వెల్లూరు సీఎంసీలో రక్తనాళాల సర్జరీకి ప్రత్యేక విభాగమే ఉంది. ఎటైనా సరే, ఈ వారంలోనే కదలండి. ఈలోగా వేలు నల్లబడినా, పుండు నుంచి వాసన వచ్చినా, చలిజ్వరం వచ్చినా స్కాన్ అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ పూటే క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి.

ఇక డై సంగతి.

సీటీలో వేసేది అయోడిన్ డై. అది ఎక్స్‌రేలను అడ్డుకుంటుంది కాబట్టి నాళం తెల్లగా కనిపిస్తుంది. ఎమ్మారైలో వేసే గాడోలినియం పనిచేసే తీరు వేరు. ఫిల్ము మీద మనం చూసేది గాడోలినియాన్ని కాదు, దాని పక్కనున్న నీటిని. డైలో ఉండే రూపంలో ఈ లోహానికి జత లేని ఎలక్ట్రాన్లు ఏడుంటాయి. పెద్ద అయస్కాంతంలో ఉన్నప్పుడు అవి చుట్టుపక్కల నీటిలోని హైడ్రోజన్‌ను త్వరగా కోలుకునేలా చేస్తాయి, దాంతో రక్తం పారే చోటు మెరుస్తుంది. చిక్కల్లా ఒకటే. విడిగా ఉన్న గాడోలినియం ఒంటికి విషం. సైజులో కాల్షియానికి దగ్గరగా ఉండటంతో కాల్షియం చేసే పనులకు అడ్డు తగులుతుంది. అందుకని ఏ కంపెనీ అయినా దాన్ని ఒక పెద్ద అణువులో బంధించే అమ్ముతుంది. ఒక డైకీ ఇంకో డైకీ మధ్య మీరు చూడవలసిన తేడా ఆ బంధం ఎంత గట్టిదన్నదే.

బంధాలు రెండు రకాలు. లీనియర్ అంటే గొలుసులా చుట్టుకున్నది. మాక్రోసైక్లిక్ అంటే చుట్టూ మూసుకున్న వలయం. మొదటిది కొంగున ముడేసిన రూపాయి లాంటిది, మామూలుగా నిలుస్తుంది కానీ ఎక్కువసేపు తిరిగితే ముడి జారొచ్చు. రెండోది హుండీలో వేసిన రూపాయి (పరకామణి వాళ్ళు మన్నించాలి). కిడ్నీలు బాగుంటే డైలో సగం గంటన్నర, రెండు గంటల్లోనే రక్తంలోంచి పోతుంది, ఒక రోజులో తొంభై శాతానికి పైగా మూత్రంలో వెళ్ళిపోతుంది. అంత కొద్దిసేపట్లో ముడి జారడానికి పెద్దగా వీలుండదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో సగం పోవడానికే ఒక రోజు పైన పట్టొచ్చు. అన్ని గంటలు ఒంట్లో తిరుగుతూ ఉంటే లీనియర్ రకం లోహాన్ని వదిలేసే అవకాశం పెరుగుతుంది.

మీకు చవకగా చెప్పిన గాడోడయమైడ్ లీనియర్ రకం, ఆమ్నిస్కాన్ పేరుతో వచ్చింది అదే. గాడోవిస్ట్ పేరుతో దొరికే గాడోబ్యుట్రాల్, డోటారెమ్‌గా దొరికే గాడోటెరేట్, ప్రోహాన్స్‌గా దొరికే గాడోటెరిడాల్, ఈ మూడూ మాక్రోసైక్లిక్. వేరే సెంటర్‌కు వెళ్ళినప్పుడు ఈ మూడింటిలో ఏదున్నా సరే, ఫలానాదే కావాలని పట్టుబట్టకండి.

మీ తమ్ముడు ఫోన్లో చదివినదానికి వెనక ఒక నిజమైన కథ ఉంది, కాకపోతే అది తలకిందులుగా చేరింది. 1988లో మొదటి గాడోలినియం డై మార్కెట్లోకి వచ్చాక, ఇది కిడ్నీలకు అయోడిన్ డై అంత భారం కాదని అందరూ నమ్మారు. ఆ నమ్మకంతోనే కిడ్నీలు చెడినవాళ్ళకు, డయాలసిస్ మీదున్నవాళ్ళకు సీటీ మానేసి ఎమ్మార్ యాంజియోలు తీశారు. అప్పటి యంత్రాలతో కాలి నాళాలు బాగా కనిపించాలని మామూలు మోతాదుకు రెట్టింపు, మూడింతలు కూడా ఎక్కించారు. 1997 నుంచి అలాంటి కిడ్నీ రోగుల్లో కొందరికి చర్మం చెక్కలా గట్టిపడటం, కీళ్ళు వంగకపోవడం కనిపించసాగింది. దానికి నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్ అని పేరు పెట్టారు. గాడోలినియంతో దాని లంకె బయటపడింది 2006లో. మరుసటి ఏడాదే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డబ్బాల మీద పెద్ద హెచ్చరిక వేయించింది. కేసుల్లో ఎక్కువ భాగం గాడోడయమైడ్, గాడోపెంటెటేట్, గాడోవెర్సెటమైడ్ అనే మూడు లీనియర్ డైలతో వచ్చినవే. 2017లో యూరప్ ఈ మూడింటినీ నరానికి ఎక్కించడం నిలిపివేసింది. అంటే ఇక్కడ గాడోలినియం కిడ్నీని చెడగొట్టలేదు. కిడ్నీ అప్పటికే చెడి ఉండటం వల్ల గాడోలినియం ఒంట్లో నిలిచిపోయి చర్మాన్ని, కీళ్ళను చెడగొట్టింది. మాక్రోసైక్లిక్ రకాలు మామూలు మోతాదులో ఇస్తే ఈ జబ్బు రావడం ఎంత అరుదంటే, కిడ్నీల పనితీరు బాగా తగ్గినవాళ్ళకు కూడా అవసరముంటే ఇవ్వొచ్చని అమెరికా రేడియాలజిస్టుల, కిడ్నీ డాక్టర్ల సంఘాలు కలిసి చెప్పాయి.

మీ నాయన సంగతికొస్తే, క్రియాటినిన్ 1.9 అన్న అంకె ఒక్కటే చూసి ఏదీ తేల్చకూడదు. వయసుతో కలిపి లెక్కిస్తే, కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే జీఎఫ్ఆర్ అనే అంకె సుమారు 39 వస్తుంది. లీనియర్ డైలకు గట్టి నిషేధం 30 కన్నా తక్కువకు. ఆ లెక్కన గాడోడయమైడ్ నిషేధం గీత ఆయన్ను ఇంకా తాకలేదు, సెంటర్‌వాళ్ళు “మీ ఇష్టం” అన్నది అందుకే కావచ్చు. కానీ పాదంలో పుండున్న షుగరు మనిషి జీఎఫ్ఆర్ రేపు కూడా 39 దగ్గరే నిలుస్తుందని ఎవరూ పూచీ పడలేరు. చీము పట్టి జ్వరమొస్తే, నాలుగు రోజులు సరిగా తినకపోతే, గట్టి యాంటీబయోటిక్ పడితే అది ఇట్టే 30 కిందికి జారగలదు. ఉన్నట్టుండి కిడ్నీ దెబ్బతిన్నప్పుడు కూడా ఆ డై కూడదనే నియమం ఉంది. జారే నేల మీద నిలబడిన మనిషికి ముడి జారే డై ఎందుకు? మీ రిపోర్టు పాతదైతే స్కాన్‌కు ముందు క్రియాటినిన్ మళ్ళీ చేయించండి. కాలు నొప్పికి మెడికల్ షాపులో అడిగి కొనే మాత్రలు మాత్రం ఆపేయండి. డైక్లోఫెనాక్ లాంటివి ఈ కిడ్నీలకు డై కన్నా ఎక్కువ చేటు చేస్తాయి.

ఇంకొకటి వింటుంటారు, గాడోలినియం మెదడులో మిగిలిపోతుందని. కొద్దిగా మిగులుతుందన్నది నిజమే. లీనియర్ రకాలతో ఎక్కువ, మాక్రోసైక్లిక్ రకాలతో చాలా తక్కువ. దాని వల్ల మెదడుకు ఫలానా హాని జరిగిందని ఇంతవరకూ రుజువు కాలేదు. అవసరమైన ఒక్క స్కాన్‌కు భయపడాల్సిన పని లేదు.

సీసా మీద రాసింది ఒకసారి చూసుకోండి, ఎందుకంటే ఇక్కడొక పొరపాటు లెక్క నడుస్తుంటుంది. గాడోబ్యుట్రాల్ సీసా మీద 1.0 మిల్లీమోల్ అని, గాడోటెరేట్, గాడోడయమైడ్ సీసాల మీద 0.5 అని ఉంటుంది, ఒక మిల్లీలీటరుకు. మామూలు మోతాదు కిలో బరువుకు 0.1 మిల్లీమోల్. కాబట్టి అరవై కిలోల మనిషికి గాడోబ్యుట్రాల్ 6 మి.లీ., మిగతావి 12 మి.లీ. ఆరే ఎక్కించారు కాబట్టి తక్కువ పడిందని సంబరపడటం, పన్నెండెక్కించారని కంగారుపడటం రెండూ అనవసరం. ఒంట్లోకి వెళ్ళే లోహం రెండింట్లోనూ ఒకటే. నిజంగా సగం లోహంతో సరిపెట్టే కొత్త డై గాడోపిక్లెనాల్‌కు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదే కావాలని ఊరూరూ వెతుక్కుంటూ స్కాన్ ఆలస్యం చేసుకోకండి.

చిత్రం మెరుపులో ఈ డైల మధ్య తేడా ఉన్నమాట నిజం. ఒకటిన్నర టెస్లా (అయస్కాంత బలానికి కొలత) యంత్రంలో కొలిస్తే నీటిని మెరిపించే శక్తి గాడోటెరేట్‌కు సుమారు 3.6, గాడోబ్యుట్రాల్‌కు 5.2, గాడోబెనేట్‌కు 6.3. ఈ గాడోబెనేట్ వింత సరుకు. గొలుసు రకమే అయినా రక్తంలోని ప్రోటీన్‌కు కాస్త అంటుకుంటుంది, అందుకే ఆ మెరుపు. 2010లో వెలువడ్డ ఒక అధ్యయనంలో ఒకే రోగి కాళ్ళకు దీన్నీ, పాత గాడోపెంటెటేట్‌నూ వేర్వేరు రోజుల్లో ఎక్కించి పోల్చారు. నాళం సగానికి పైగా ఎక్కడ మూసుకుందో పట్టుకోవడంలో గాడోబెనేట్‌దే పైచేయి అయింది. 2012లో అమెరికా దీన్ని పొట్ట నుంచి తొడ దాకా ఉన్న నాళాల స్కాన్‌కు అనుమతించింది. యూరప్ 2017లో ఇదే మందును కాలేయం స్కాన్లకే పరిమితం చేసింది. అమెరికా రేడియాలజిస్టులు దీన్ని క్షేమమైన గుంపులోనే ఉంచారు, యూరప్ గొలుసు రకమని దూరం పెట్టింది. నాకైతే చేతికందేలా మాక్రోసైక్లిక్ ఉన్నప్పుడు ఈ తగాదాలో తల దూర్చాలనిపించదు. రక్తంలోనే గంటలకొద్దీ నిలిచే గాడోఫోస్‌వెసెట్ అనే డై ఒకటి నాళాల కోసమే పుట్టింది, 2005లో యూరప్‌లో, 2008లో అమెరికాలో అనుమతి వచ్చింది. చిత్రాలు అద్భుతంగా వచ్చేవి. అమ్మకాలు లేక మార్కెట్ నుంచే పోయింది.

ఇన్ని అంకెలు చెప్పినా, మోకాలి కింద నాళం కనిపించడమా మానడమా అన్నది డై పేరు కన్నా స్కాన్ తీసే పద్ధతి మీదే ఎక్కువ ఆధారపడుతుంది. కాళ్ళ ఎమ్మార్ యాంజియోలో పొట్ట, తొడలు, పిక్కలు అని మూడు మజిలీలుంటాయి. చేతి నరానికి ఎక్కించిన డై గుండె దాటి కిందికి దిగుతుంటే, బల్ల దాని వెంట జరుగుతూ ఒక్కో మజిలీ ఫొటో తీస్తుంది. డై ధమనుల్లో ఉండగానే తీయాలి. ఆలస్యమైతే అదే డై సిరల్లోకి తిరిగొచ్చి అవీ మెరుస్తాయి, ఏది ధమనో ఏది సిరో తెలియని వల తయారవుతుంది. షుగరు పాదంలో, అందులోనూ పుండున్న పాదంలో, వాపు వల్ల రక్తం సిరల్లోకి తొందరగా మళ్ళుతుంది. అంటే మీ నాయనకు అందరికన్నా ముఖ్యమైన మజిలీ పిక్క, పాదం. అందరికన్నా చెడిపోయే మజిలీ కూడా అదే. దీనికి ఉపాయం ఉంది. కొంచెం డైతో ముందు పిక్కనూ పాదాన్నీ కొన్ని సెకన్లకొకటి చొప్పున వరసగా ఫొటోలు తీసి, మిగిలిన డైతో పైన రెండు మజిలీలు చూడటం. మంచి సెంటర్లన్నిటికీ ఈ పద్ధతి తెలుసు. స్కాన్ బుక్ చేసేటప్పుడు “పాదంలో పుండుంది, పిక్క, పాదం ముందుగా విడిగా తీస్తారా?” అని అడగండి. రేటు గురించి అడగడం కన్నా ఆ ప్రశ్నతో మీకు ఎక్కువ తెలుస్తుంది.

రాత్రి కాలు వేలాడేసుకునే సంగతి ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది. డై ఎక్కించకముందు ఒక ఫొటో, ఎక్కించాక ఒకటి తీసి, రెండోదాంట్లోంచి మొదటిదాన్ని కంప్యూటర్ తీసేస్తుంది. మిగిలేది నాళం. ఈ రెంటి మధ్య కాలు కాస్త కదిలినా తీసివేత చెడి బొమ్మ మసకబారుతుంది. మీ నాయన చదునుగా అర్ధగంట, ముప్పావుగంట పడుకోవాలి, ఆయనకేమో పడుకుంటేనే నొప్పి. ఓర్చుకుంటాడులే అని మాట్లాడకుండా ఊరుకోవద్దు. పంపిన డాక్టరుతో చెప్పి కిడ్నీకి చేటు లేని నొప్పి మందు ముందే వేయించండి, టెక్నీషియన్‌కూ చెప్పండి. కాళ్ళ కింద, పక్కల మెత్తలు పెట్టి పట్టీ కడతారు. మనిషి కదలకుండా ఉంటే చవక యంత్రం కూడా మంచి బొమ్మ ఇస్తుంది.

సీటీ చాలన్న డాక్టరు తప్పేమీ చెప్పలేదు. సీటీ నిమిషాల్లో అయిపోతుంది, దాదాపు అన్నిచోట్లా ఉంది, పొట్టలోని, తొడలోని నాళాలకు చాలా బాగుంటుంది. 39 జీఎఫ్ఆర్ దగ్గర అయోడిన్ డై నిషిద్ధమూ కాదు, భయం ఎక్కువయ్యేది 30 దిగువన. మీ నాయన విషయంలో నేను ఎమ్మారై వైపు మొగ్గడానికి కారణం కిడ్నీ కన్నా సున్నం. డాప్లర్‌ను అడ్డుకున్న ఆ సున్నమే సీటీలోనూ తెల్లగా వెలిగిపోతుంది, పక్కనున్న డై తెలుపులో కలిసిపోయి, వేలెడు వెడల్పు కూడా లేని పిక్క నాళాల్లో దారి ఉందో లేదో చెప్పనివ్వదు. ఎమ్మారైకి సున్నం కనిపించదు, కాబట్టి అడ్డూ రాదు. అదే కాలిలో ఇదివరకే స్టెంట్ వేసి ఉంటే నా సలహా తిరగబడేది. స్టెంట్ లోహం లోపల ఎమ్మారై సిగ్నల్ పోయి, బాగున్న నాళం కూడా మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. గుండెలో స్టెంట్ మాత్రం కాళ్ళ ఎమ్మారైకి అడ్డం కాదు, దాని కార్డు ఉంటే తీసుకెళ్ళండి. పేస్‌మేకర్ ఉంటే వేరే సంగతి, ముందే చెప్పి తీరాలి.

డై లేకుండానే కాళ్ళ నాళాలు తీసే ఎమ్మారై పద్ధతులూ ఉన్నాయి. 2010 ప్రాంతంలో వచ్చిన క్విస్ అనే పద్ధతి బాగానే పనిచేస్తుంది. గుండె కొట్టుకునే లయను పట్టుకుని తీస్తుంది కాబట్టి లయ తప్పినవాళ్ళకు అంత కుదరదు, యంత్రంలో ఆ సాఫ్ట్‌వేర్ ఉండాలి. మళ్ళీ చేసిన పరీక్షలో జీఎఫ్ఆర్ బాగా పడిపోయిందని తేలితే ముందు దీని గురించి అడగండి.

సర్జను గారు బెలూన్ వేయడం ఖాయమనుకుంటే, నేరుగా తొడ దగ్గర గొట్టం పెట్టి యాంజియో చేసి, అక్కడికక్కడే నాళం తెరుస్తామనొచ్చు. అదీ మంచి దారే. అప్పుడు వాడేది అయోడిన్ డై, అదీ తిన్నగా కాలి ధమనిలోకి. పాత రకాలతో కాలు భగ్గున మండి రోగి ఎగిరిపడేవాడు. రక్తంతో సమానమైన గాఢత ఉన్న అయోడిక్సనాల్‌తో ఆ మంట బాగా తక్కువ. కిడ్నీ మరీ బలహీనమైతే నడుము కింది నాళాలకు డై బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువును పంపి కూడా ఫొటో తీస్తారు, డై కొద్దిగా సరిపోతుంది. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఈ యాంజియోకు ముందు ఆపాలా అని అడగండి. గాడోలినియానికైతే ఆపనక్కర్లేదు. ఏమైనా ఈ జీఎఫ్ఆర్‌కు ఆ మాత్ర మోతాదు ఎంతుండాలో షుగరు డాక్టరు ఒకసారి చూడాలి.

మీ మేనత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఎముక విరిగినవాళ్ళు పుత్తూరు వెళ్ళడం మన జిల్లాలో తరతరాల మాట, దాని మీద నాకు వాదన లేదు. మీ నాయనకు విరిగింది ఎముక కాదు. రక్తం అరకొరగా అందుతున్న కాలికి బిగించి కట్టు కడితే ఉన్నదీ ఆగిపోతుంది. అలాగే వేడినీళ్ళ కాపడం, వేపాకు పసుపు వేడివేడిగా పట్టించడం కూడా వద్దు. షుగరు పాదానికి వేడి తెలియదు, బొబ్బలెక్కాక గాని మనకు తెలియదు. పుండును శుభ్రంగా కడిగి వదులుగా గాజ్ గుడ్డ (పుండుకు కట్టే పలచటి గుడ్డ) కట్టండి, ఆ చెప్పు పక్కన పారేయండి.

స్కాన్ రోజున మొలతాడుకున్న వెండి బిళ్ళ, తాయెత్తు, బీడీలు మానేసినా జేబులో ఉండిపోయే లైటర్, అన్నీ ఇంట్లోనే తీసిపెట్టి రండి. సూది ముంజేతి మీద కాకుండా అరచేతి వెనక నరానికి వేయమని అడగండి. ముందుముందు డయాలసిస్ అవసరం పడకూడదనే కోరుకుందాం, ఒకవేళ పడితే ఆ ముంజేతి నరాలే దిక్కు. మీరు రాయలేదు కానీ చాలామంది అడుగుతారు: రొయ్యలు పడకపోతే డై పడదా అని. రెంటికీ సంబంధం లేదు. ఇంతకుముందు ఏదైనా డై ఎక్కించినప్పుడు దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే మాత్రం దాని పేరుతో సహా చెప్పండి.

వైద్యసేవ కార్డు ఉంటే, ఆసుపత్రిలో ఆ కౌంటర్ దగ్గర ముందు అడిగి, ఆ తర్వాతే బయట డబ్బు కట్టండి. స్కాన్ అయ్యాక ఫిల్ముతో సరిపెట్టుకోకుండా సీడీ అడిగి తీసుకోండి. పాదంలోని సన్నటి నాళాలు ఫిల్ము మీద కన్నా కంప్యూటర్లో తిప్పి చూసినప్పుడే తెలుస్తాయి, బైపాస్ ఎక్కడ అతకాలో సర్జను తేల్చుకునేది అక్కడే. ఏ డై, ఎన్ని మి.లీ. ఇచ్చారో రిపోర్టులో రాయించండి.